చింతపండుకు లొంగని నలుపు: సల్ఫైడ్లు కొన్ని యాసిడ్‌ల ఎందుకు కరుగుతయి, కొన్ని ఎందుకు కరగవు

పండుగ ముందట ఇంట్ల ఇత్తడి సామాను అంతా బయటికి తీస్తే చింతపండు నానబెట్టి తోముడు మొదలైతది. పెంబర్తిల తయారైన దీపం కుందె అయినా, అమ్మమ్మ కాలం బిందె అయినా, చింతపండు తగిలిన కాడ మెరుపు వచ్చేస్తది. అదే చింతపండు కరీంనగర్ వెండి ఫిలిగ్రీ కుంకుమ భరిణెకు పట్టించి గంటసేపు పెట్టినా నలుపు అట్లనే ఉంటది, పోదు. చింతపండుల ఉన్నది అదే టార్టారిక్ యాసిడ్, నలుపు రెండింటి మీదా ఉంది, మరి ఒకదాని మీద పనిచేసింది రెండోదాని మీద ఎందుకు చేయలేదు?

ఇత్తడి మీద పట్టేది ఎక్కువ మటుకు కాపర్ ఆక్సైడ్, కొంత కార్బొనేట్. ఇవి యాసిడ్‌కు తొందరగా లొంగుతయి. వెండి మీది నలుపు ఆక్సైడ్ కాదు, సిల్వర్ సల్ఫైడ్. గాలిలో లేశమంత ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్, అదే ల్యాబ్‌ల హెచ్‌టూఎస్ అని పిలిచేది, వెండితో కలిసి ఆ పొర కట్టిస్తది. అంటే అసలు ప్రశ్న చింతపండు గురించి కాదు, సల్ఫైడ్ గురించి. యాసిడ్ పోస్తే సల్ఫైడ్ కరుగుతదా కరగదా?

దీనికి "కరగదు" అని ఒక్క మాటల జవాబు చెప్పలేం, ఎందుకంటే ల్యాబ్‌ల హెచ్‌టూఎస్ తయారు చేసేదే సల్ఫైడ్‌ను యాసిడ్‌ల కరిగించి. 1844ల కిప్ అనే డచ్ ఆయన తయారు చేసిన గాజు ఉపకరణం, మూడు బుడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటది చూడండి, దాంట్ల ఐరన్ సల్ఫైడ్ ముక్కలు వేసి డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్ తగిలిస్తే కోడిగుడ్డు కుళ్లిన వాసనతో గ్యాస్ బుసబుసా వస్తది. ఐరన్ సల్ఫైడ్ కరిగిపోతనే ఉంటది. ఆ గ్యాస్‌ను తీసుకపోయి, యాసిడ్ కలిపిన మైలుతుత్తం నీళ్లల్లకు పంపిస్తే మాత్రం నల్లగా కాపర్ సల్ఫైడ్ పడిపోతది, అక్కడ యాసిడ్ ఉన్నా దాన్ని ఏం చేయలేదు. పైపుకు ఈ చివర యాసిడ్ సల్ఫైడ్‌ను కరిగిస్తున్నది, ఆ చివర యాసిడ్‌లోనే సల్ఫైడ్ పుడుతున్నది. ఇంటర్ ప్రాక్టికల్స్‌ల సాల్ట్ అనాలిసిస్, అంటే తెలియని ఉప్పుల ఏ లోహం ఉందో గ్రూపులుగ వేరుచేసి పట్టుకునుడు, అంతా దీని మీదనే నిలబడి ఉంది, అయినా ఈ రెండు చివరలను కలిపి చూపించేది తక్కువ.

ముందు నీళ్లల్ల కరుగుడు గురించి. కరగని ఉప్పు అని మనం అనేది కూడా ఎంతో కొంత కరుగుతది, కరిగిన లోహం అయాన్ (విద్యుదావేశం ఉన్న కణం) గాఢతను, జత అయాన్ గాఢతను గుణిస్తే వచ్చే లెక్క ఒక ఉష్ణోగ్రత దగ్గర మారకుండ ఉంటది. దాన్నే ద్రావణీయతా లబ్ధం అంటరు, పిల్లల నోట్ల కేఎస్పీ. 1889ల నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి సిద్ధాంతం రాసిండు. గుణకారం ఈ లబ్ధం దాటితే అవక్షేపం, అంటే కరగని ముద్ద, కిందికి పడ్తది, దాటకపోతే పడదు, గంతే. సిల్వర్ క్లోరైడ్‌కు ఈ విలువ 1.8×10⁻¹⁰. మంచి నీళ్లల్ల అయితే లీటర్‌కు 1.3×10⁻⁵ మోల్ (ఒక మోల్ అంటే 6×10²³ కణాలు) కరుగుతది, అదే 0.1 మోలార్ (లీటర్‌కు 0.1 మోల్) ఉప్పు నీళ్లల్ల వేస్తే క్లోరైడ్ అప్పటికే నిండుగ ఉంది కాబట్టి వెండికి చోటు తగ్గి 1.8×10⁻⁹ మోల్ మాత్రమే కరుగుతది. అంటే దాదాపు ఏడు వేల రెట్లు తక్కువ. ఇదే కామన్ అయాన్ ఎఫెక్ట్, తెలుగు మీడియం పుస్తకాలల్ల ఉమ్మడి అయాన్ ప్రభావం.

సల్ఫైడ్ల విలువలు చూస్తే నమ్మబుద్ధి కాదు. పుస్తకాలల్ల కాపర్ సల్ఫైడ్‌కు 6.3×10⁻³⁶, మెర్క్యురీ సల్ఫైడ్‌కు, అంటే మన ఇంగిలీకానికి, 4×10⁻⁵³ అని ఉంటది. ఈ రెండో దానికి వర్గమూలం తీసి లెక్క కడితే లీటర్‌కు 6×10⁻²⁷ మోల్, అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే సుమారు 260 లీటర్ల నీళ్లల్ల ఒకే ఒక్క మెర్క్యురీ అయాన్ ఉండాలె! పెద్ద డ్రమ్ము నీళ్లల్ల ఒక్కటంటే ఒక్కటి. ఈ లెక్క నిజంగ అట్ల జరుగుతదని కాదు, అసలు కరుగుడు ఇంతకంటే ఎక్కువే ఉంటది, ఎందుకనేది కింద వస్తది. కానీ ఈ అంకెలను చూసి "సల్ఫైడ్ అంటే రాయి లెక్క, కరిగే ముచ్చటే లేదు" అనుకునుడు పెద్ద పొరపాటు, ఆరోగ్యానికి కూడా పొరపాటు.

ఇప్పుడు అసలు కిటుకు. క్లోరైడ్ విషయంల కామన్ అయాన్ అంటే క్లోరైడే, ఉప్పు పోస్తే క్లోరైడ్ పెరిగింది, వెండి తగ్గింది, నేరుగా. సల్ఫైడ్ గ్రూపుల దగ్గర మాత్రం కామన్ అయాన్ సల్ఫైడ్ కాదు, హైడ్రోజన్ అయాన్. చాలామంది ఇక్కడనే తడబడ్తరు. హెచ్‌టూఎస్ అనేది బలహీనమైన యాసిడ్, నీళ్లల్ల కొద్దికొద్దిగ విడిపోయి హైడ్రోజన్ అయాన్లు ఇస్తది, రెండు మెట్లల్ల. అదే నీళ్లల్ల హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) ఉంటే అది పూర్తిగ విడిపోయి హైడ్రోజన్ అయాన్లతో నింపేస్తది, అప్పుడు హెచ్‌టూఎస్ విడిపోయే పని ఆగిపోయి సల్ఫైడ్ సరఫరా తగ్గిపోతది. హెచ్‌టూఎస్‌ల రెండు హైడ్రోజన్లు ఉన్నయి కాబట్టి ఈ తగ్గుడు వర్గంల ఉంటది. యాసిడ్ గాఢత పది రెట్లు పెరిగితే సల్ఫైడ్ వంద రెట్లు తగ్గుతది, పీహెచ్ ఒక్క యూనిట్ పెరిగితే, అంటే యాసిడ్ పది రెట్లు తగ్గితే, గ్యాస్ గాఢత మారనంత వరకు, సల్ఫైడ్ వంద రెట్లు పెరుగుతది. చెరువుకు తూము ఎట్లనో హెచ్‌టూఎస్‌కు యాసిడ్ అట్ల. చెరువుల నీళ్లు అవే, షట్టర్ ఎంత లేపితే కాలువల అన్ని వస్తయి, ఇక్కడ షట్టర్ జర్రంత కదిపితే వంద రెట్లు మారుతది, అదే తేడా.

ఈ తూమును పట్టుకునే 1841ల జర్మన్ రసాయనవేత్త ఫ్రెసేనియస్ తన గుణాత్మక విశ్లేషణ (దేంట్ల ఏమున్నదో కనుక్కునే) పద్ధతిని పుస్తకంగ తెచ్చిండు, అప్పటికి ఇంకా నెర్న్‌స్ట్ లేడు, అయాన్ల సిద్ధాంతమే లేదు, అర్హీనియస్ ఆ మాట చెప్పింది 1887ల. అంటే సిద్ధాంతం రాకముందు యాభై ఏండ్ల కిందనే చేతివాటంతో, ఓపికతో ఈ పద్ధతి నిలబడ్డది. ఈ సంగతి పాఠంల చెప్తే పిల్లలకు గ్రూపుల పట్టిక బట్టీ పెట్టాల్సిన శిక్షలెక్క కనపడదు.

హన్మకొండ డిగ్రీ కాలేజీ ల్యాబ్ అయినా, మంచిర్యాల జూనియర్ కాలేజీ ల్యాబ్ అయినా వరుస ఒకటే. సాల్ట్ ద్రావణంల డైల్యూట్ హెచ్‌సీఎల్ పోస్తే మొదటి గ్రూపు, వెండి, సీసం లాంటివి క్లోరైడ్లుగ పడ్తయి. అదే యాసిడ్ ద్రావణంల హెచ్‌టూఎస్ పంపితే రెండో గ్రూపు: కాపర్, సీసం, మెర్క్యురీ నల్లగ, బిస్మత్ నలుపు కలిసిన గోధుమ రంగుల, కాడ్మియం, ఆర్సెనిక్ పసుపుగ, ఆంటిమొని నారింజ రంగుల. ఆ తర్వాత మూడో గ్రూపు, ఇది సల్ఫైడ్ కాదు కానీ ఇక్కడ కూడా కామన్ అయానే పని చేస్తది. అమ్మోనియం హైడ్రాక్సైడ్ పోసే ముందు అమ్మోనియం క్లోరైడ్ వేస్తరు, దాంతో హైడ్రాక్సైడ్ తగ్గి ఐరన్, అల్యూమినియం మాత్రమే పడి మెగ్నీషియం ద్రావణంలనే ఉండిపోతది. 0.1 మోలార్ అమ్మోనియా ఒక్కటే ఉంటే 0.1 మోలార్ మెగ్నీషియం కచ్చితంగ పడ్తది, దానికి ఒక మోలార్ అమ్మోనియం క్లోరైడ్ తోడైతే పడదు, ఎవరైనా కాగితం మీద కట్టి చూసుకోవచ్చు, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కేఎస్పీ 1.8×10⁻¹¹. ఇక నాలుగో గ్రూపుల అదే అమ్మోనియా ద్రావణంలకు మళ్లీ హెచ్‌టూఎస్ పంపితే, ఇప్పుడు తూము పూర్తిగ తెరిచినట్టే, తెల్లగ జింక్, లేత చర్మం రంగుల మాంగనీస్, నల్లగ కోబాల్ట్, నికెల్ దిగుతయి.

గ్యాస్ ఒకటే, గ్రూపులు రెండు, మధ్యల ఉన్నది యాసిడ్ ఒక్కటే. 

ల్యాబ్‌ల చెడిపోయేది కూడా ఇక్కడనే. యాసిడ్ సుమారు 0.3 మోలార్ ఉండాలె అంటరు. ఎక్కువ పోసిన పోరగాళ్లకు కాడ్మియం పసుపు రానే రాదు, సీసం కూడా సరిగ్గ పడదు, "రెండో గ్రూపు లేదు" అని రాసేస్తరు. తక్కువ పోసిన వాళ్లకు జింక్ కూడా రెండో గ్రూపులనే దిగిపోయి తర్వాత నాలుగో గ్రూపుల ఏం మిగలదు. సాల్ట్‌ను నైట్రిక్ యాసిడ్‌ల కరిగించి ఆ యాసిడ్ పోగొట్టకుండ గ్యాస్ పంపితే, ఆ యాసిడ్ హెచ్‌టూఎస్‌ను ఆక్సీకరణం చేసి లేత పసుపు తెలుపు సల్ఫర్ పాలలెక్క తేలుతది, దాన్ని చూసి కాడ్మియం అనో ఆర్సెనిక్ అనో మార్కులు పోగొట్టుకునుడు ప్రతి ఏడాది జరిగేదే. ఫెర్రిక్ ఐరన్ ఉన్నా అదే సల్ఫర్ వస్తది. ఇంకోటి, అవక్షేపం పడుతున్నకొద్దీ యాసిడ్ పెరుగుతది, ఎందుకంటే లోహం సల్ఫైడ్‌ను పట్టుకుంటే రెండు హైడ్రోజన్ అయాన్లు బయటపడ్తయి. అందుకే ఒకసారి పడ్డంక వడగట్టి, జర నీళ్లు కలిపి పలుచగ చేసి మళ్లీ గ్యాస్ పంపి చూడమంటరు, సీనియర్ ల్యాబ్ అసిస్టెంట్లు చెప్పే ఈ మాట ఉత్తగ అలవాటు మాట కాదు, దాని వెనుక లెక్క ఉంది.

అయితే ఆ లెక్కను పుస్తకాలల్ల విలువలు పెట్టి కట్టబోతే ఒక తిరకాసు ఎదురైతది, చురుకైన పిల్లలు ఇక్కడ ఆగి అడుగుతరు, వాళ్లకు జవాబు ఇయ్యాలె. హెచ్‌టూఎస్ మొదటి మెట్టు విఘటన స్థిరాంకం (ఎంత మేర విడిపోతదో చెప్పే అంకె) సుమారు 10⁻⁷, రెండో మెట్టుకు పాత పుస్తకాలు 10⁻¹³ దగ్గర ఇస్తయి. గ్యాస్‌తో సంతృప్తమైన నీళ్లల్ల హెచ్‌టూఎస్ సుమారు 0.1 మోలార్. 0.3 మోలార్ యాసిడ్‌ల సల్ఫైడ్ అప్పుడు 10⁻²⁰ దగ్గర వస్తది. జింక్ 0.1 మోలార్ అనుకుంటే గుణకారం 10⁻²¹. జింక్ సల్ఫైడ్ కేఎస్పీ పట్టికల 1.6×10⁻²⁴. అంటే దాదాపు ఏడు వందల రెట్లు దాటింది, జింక్ రెండో గ్రూపులనే పడాలె! గ్రూపుల పట్టికనేమో నాలుగో గ్రూపు అంటది. పిల్లగాడు లెక్క తప్పు చేయలేదు, మరి ఎవరు తప్పు?

తప్పుల మొదటి వంతు ఆ రెండో స్థిరాంకానిది. ఆ 10⁻¹³ అనే అంకె కొలిచినకాడనే ఇబ్బంది ఉంది, సల్ఫైడ్ అయాన్ నీళ్లల్ల కనపడాలంటే భయంకరమైన క్షారం కావాలె, అంత క్షారంల గాజు ఎలక్ట్రోడ్ సరిగ్గ చదవదు, గాలి తగిలితే సల్ఫైడ్ ఆక్సీకరణం అయిపోతది. తర్వాత జాగ్రత్తగ చేసిన కొలతలల్ల అది 10⁻¹⁷ నుంచి 10⁻¹⁹ దాకా కిందికి పోయింది, అంటే పాత విలువకు పది వేల నుంచి పది లక్షల రెట్లు తేడా. కేఎస్పీ విలువలు కూడా చాలా వరకు ఈ స్థిరాంకాన్ని పట్టుకునే కట్టినయి కాబట్టి ఒకటి మారితే రెండోది మారాలె. ఒక పుస్తకం నుంచి కేఎస్పీ, ఇంకో పుస్తకం నుంచి స్థిరాంకం తెచ్చి గుణిస్తే వచ్చేది వేరే వేరే తక్కెడల తూకాలు కలిపినట్టు, దానికి అర్థం లేదు. 2018ల అయితే కాంతి చెదిరే తీరును బట్టి అణువులను గుర్తుపట్టే రామన్ స్పెక్ట్రోస్కోపీతో అత్యంత గాఢమైన క్షార ద్రావణాలల్ల వెతికిన పరిశోధకులు నీళ్లల్ల సల్ఫైడ్ అయాన్ జాడే దొరకలేదని, దానికి వీడ్కోలు చెప్పొచ్చని రాసిన్రు. దశాబ్దాలుగ ఇంటర్ పేపర్లల్ల "సల్ఫైడ్ అయాన్ గాఢత కనుగొనుము" అని అడిగిన ఆ అయాన్ నీళ్లల్ల ఉన్నట్టే కనపడలేదు.

మరి కామన్ అయాన్ వివరణ అంతా కూలిపోయినట్టా? లేదు, ఇక్కడే దాని అందం. యాసిడ్ పెరిగితే వర్గంల తగ్గుతది అన్న సంబంధం సల్ఫైడ్ అయాన్ పేరు ఎత్తకుండనే నిలబడ్తది. సమీకరణాన్ని ఇట్ల రాసుకుంటే సరిపోతది: లోహ సల్ఫైడ్, రెండు హైడ్రోజన్ అయాన్లతో కలిసి, లోహ అయాన్‌ను, హెచ్‌టూఎస్‌ను ఇస్తది. కొలవగలిగినవే ఉన్నయి దీంట్ల, కనపడని అయాన్ లేదు. 1986ల రసాయన బోధన పత్రికల ఈ దారిని ప్రతిపాదించినంక పెద్ద పట్టిక పుస్తకాలల్ల సల్ఫైడ్లకు ఇదే యాసిడ్ ద్రావణీయతా లబ్ధం అచ్చేస్తున్నరు. మన ఇంటర్ పుస్తకాలు కూడా దీనికి మారితే బాగుండు, పిల్లలకు ఒక్క సమీకరణంతో రెండు గ్రూపులూ, కిప్ ఉపకరణం, చింతపండు అన్నీ అర్థమైతయి.

ఆ విలువలు చూడండి. పచ్చ మాంగనీస్ సల్ఫైడ్‌కు 3×10⁷, ఐరన్‌కు 600, జింక్‌కు 2×10⁻⁴, కాడ్మియంకు 8×10⁻⁷, సీసానికి 3×10⁻⁷, కాపర్‌కు 6×10⁻¹⁶, నల్ల మెర్క్యురీ సల్ఫైడ్‌కు 2×10⁻³². 0.3 మోలార్ యాసిడ్, 0.1 మోలార్ హెచ్‌టూఎస్ అనుకుంటే ద్రావణంల మిగిలే లోహం గాఢత ఈ విలువకు 0.9 రెట్లు, అంటే దాదాపు పట్టికల అంకే జవాబు, ఇంత సులువు. కాపర్ 5×10⁻¹⁶ మోలార్ మిగులుతది, అంటే మొత్తం పడిపోయినట్టే. కాడ్మియం 7×10⁻⁷, అదీ పడిపోయినట్టే. ఐరన్ 540 మోలార్ దాకా ద్రావణంల ఉండొచ్చు, అంత గాఢత ఎక్కడా ఉండదు కాబట్టి ఐరన్ పడనే పడదు, పడినా కరిగిపోతది, కిప్ ఉపకరణం పనిచేసేది దీనివల్లనే. మాంగనీస్ గురించి చెప్పనక్కర్లేదు.

జింక్ దగ్గరికి వస్తే ఈ కొత్త లెక్క కూడా 2×10⁻⁴ మోలార్ మాత్రమే మిగలాలె అంటది, అంటే పడాలె అనే అంటది. ఇది పిల్లగాని లెక్కను నిజం చేస్తది, గ్రూపుల పట్టికను ఇరుకుల పెడ్తది. అసలు సంగతి ఏందంటే ఆ విలువ మంచిగ స్ఫటికమైన గనిల దొరికే జింక్ సల్ఫైడ్‌ది. అదే జింక్ సల్ఫైడ్ ఇంకో స్ఫటిక రూపానికి 3×10⁻², నూటయాభై రెట్లు ఎక్కువ. టెస్ట్ ట్యూబ్‌ల అప్పుడప్పుడే పుట్టే రూపం ఇంకా నలిగినట్టు, పొందిక లేకుండ ఉంటది, దాని కరుగుడు ఎక్కువ. పైగా యాసిడ్‌ల జింక్ సల్ఫైడ్ పుట్టుడే చాలా నెమ్మది. అంటే జింక్ నాలుగో గ్రూపుల ఉన్నది సమతాస్థితి బలంతో పూర్తిగ కాదు, టైమ్ బలంతో కూడా. కాపర్ సల్ఫైడ్ పడినంక టెస్ట్ ట్యూబ్‌ను స్టాండ్‌ల పెట్టి టిఫిన్‌కు పోయి వస్తే, ఆ నల్ల రేణువుల మీదనే జింక్ మెల్లగ ఎక్కి కూర్చుంటది, దీన్ని పోస్ట్ ప్రెసిపిటేషన్ అంటరు. అందుకే రెండో గ్రూపు అవక్షేపాన్ని వెంటనే వడగట్టాలె అని మాన్యువల్‌ల రాస్తరు. ఆ "వెంటనే" అన్న మాట మీద ఇంత కథ ఉంది.

నికెల్, కోబాల్ట్ కూడా ఇట్లాంటివే కానీ తిరగేసి. యాసిడ్ ద్రావణంల ఇవి పడవు, అమ్మోనియాల పడ్తయి, పడినంక మాత్రం డైల్యూట్ హెచ్‌సీఎల్‌ల కరగవు. పడ్డ కాసేపటికే వాటి రూపం మారి గట్టిపడ్తది. నాలుగో గ్రూపుల జింక్, మాంగనీస్‌ను వాటి నుంచి విడదీసేది ఈ మొండితనం పట్టుకునే.

కామన్ అయాన్‌కు హద్దు కూడా ఉంది, ఇది మరిచిపోవద్దు. క్లోరైడ్ పెంచుకుంట పోతే సీసం క్లోరైడ్ ముందు తగ్గుతది, ఇంకా పెంచితే మళ్లీ కరగడం మొదలైతది, ఎందుకంటే క్లోరైడ్లు సీసాన్ని చుట్టుముట్టి కాంప్లెక్స్ అయాన్ చేస్తయి. గాఢ హెచ్‌సీఎల్‌ల కాడ్మియం సల్ఫైడ్ కరిగేది యాసిడ్ వల్లనే కాదు, ఈ క్లోరైడ్ పట్టు వల్ల కూడా. సీసం మొదటి గ్రూపుల కొంత, రెండో గ్రూపుల కొంత రెండు చోట్లా కనపడేది కూడా దాని క్లోరైడ్ మామూలుగనే బాగా కరిగే రకం కావడం వల్ల, లీటర్‌కు సుమారు 10 గ్రాముల దాకా, వేడి నీళ్లల్ల ఇంకా ఎక్కువ.

మరి కాపర్ సల్ఫైడ్ లాంటి మొండిదాన్ని కరిగించాలంటే? హైడ్రోజన్ అయాన్‌తో కాదు కాబట్టి వేరే చివర పట్టుకోవాలె. వేడి డైల్యూట్ నైట్రిక్ యాసిడ్ పోస్తే అది సల్ఫైడ్‌ను ఆక్సీకరణం చేసి సల్ఫర్‌గ మార్చేస్తది, జతగాడే లేకుండ పోయిండు కాబట్టి కాపర్ నీళ్లల్లకు దిగక తప్పదు, నీలం రంగు వస్తది. మెర్క్యురీ సల్ఫైడ్‌కు అది కూడా సరిపోదు, ఆక్వారీజియా, అంటే గాఢ నైట్రిక్ యాసిడ్, గాఢ హెచ్‌సీఎల్ కలిపింది కావాలె, అందులో నైట్రిక్ సల్ఫైడ్‌ను లాగుతది, క్లోరైడ్ మెర్క్యురీని లాగుతది, రెండు దిక్కుల నుంచి గుంజితే గాని విడిపోదు.

వెండి దగ్గరికి మళ్లీ. సిల్వర్ సల్ఫైడ్ యాసిడ్ లబ్ధం 6×10⁻³⁰. చింతపండు రసం పీహెచ్ 2 అనుకుని లెక్క కడితే లీటర్ రసంల కరిగే వెండి గ్రాముల వంద కోట్లవ వంతు. గంట కాదు, ఏడాది నానబెట్టినా తేడా రాదు. టూత్‌పేస్ట్, విభూతి పెట్టి రుద్దితే నలుపు పోతది కానీ అది కరగడం కాదు, గీకడం. ఆ నల్లపొర బరువుల 87 శాతం వెండే, గుడ్డకు అంటుకుని పోయేది అదే. సన్న తీగలతో అల్లిన ఫిలిగ్రీ పనికి ఈ రుద్దుడు రెండు రకాల నష్టం, వెండి పోతది, తీగ తెగుతది. దానికంటే అల్యూమినియం ఫాయిల్ మీద వస్తువు పెట్టి, వేడి నీళ్లు, బేకింగ్ సోడా, కొంచెం ఉప్పు పోస్తే అల్యూమినియం ఎలక్ట్రాన్లు ఇచ్చి సిల్వర్ సల్ఫైడ్‌ను తిరిగి వెండిగ మారుస్తది, వెండి ఎక్కడికీ పోదు. లేశంగ హెచ్‌టూఎస్ వాసన వస్తది, కిటికీ తీసి చేస్తే చాలు. కావాలని నల్లగ ఉంచిన డిజైన్ ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు, ఆ నలుపు కూడా పోతది.

ల్యాబ్ దాటి బయట కూడా ఇదే సమీకరణం. ఉడికిన గుడ్డు పచ్చసొన చుట్టూ బూడిద పచ్చ గీత ఐరన్ సల్ఫైడే. పాత చెరువుల అడుగు బురద నల్లగ ఉండి వాసన కొట్టుడు, గట్టు మీద పోస్తే రెండు మూడు రోజులల్ల గోధుమ రంగుకు తిరుగుడు కూడా చాలా వరకు అదే ఐరన్ సల్ఫైడ్ గాలికి ఆక్సీకరణం అయ్యే పని. నీళ్లు నిలబెట్టిన వరి మడిల గాలి ఆడక బ్యాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్ చేస్తది, మట్టి పీహెచ్ 7 దగ్గరికి వస్తది. 0.3 మోలార్ యాసిడ్‌ల గీత మీద ఊగిన జింక్ ఈ పీహెచ్ దగ్గర ఊగదు, దిగిపోతది. కరీంనగర్, వరంగల్ దిక్కు వరిల జింక్ లోపం కనపడి రైతులు జింక్ సల్ఫేట్ కొట్టే దానికి ఉన్న కారణాలల్ల ఇదొకటి. నేలల ఐరన్ బాగుంటే అది హెచ్‌టూఎస్‌ను ముందే పట్టుకుని వేర్లకు విషం కాకుండ కాస్తది, నల్లబడ్డ వేరు కొన్నిసార్లు ఆ కాపలా గుర్తే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది, కండ్లకు పెట్టే సుర్మా. కొన్ని సుర్మాలు గలీనాను, అంటే సీసం సల్ఫైడ్‌ను, నూరి చేసినవి. దీని మీద వాదన వస్తే "సీసం సల్ఫైడ్ నీళ్లల్ల కరగదు, కేఎస్పీ 8×10⁻²⁸, ఏం కాదు" అనే మాట వినపడ్తది. వర్గమూలం తీస్తే 3×10⁻¹⁴ మోలార్, నిజమే, ఏం లేనట్టే. కానీ పిల్లలు కండ్లు నలుపుకుంటరు, అదే వేలు నోట్ల పెట్టుకుంటరు, కడుపుల ఉన్నది నీళ్లు కాదు, సుమారు 0.1 మోలార్ హెచ్‌సీఎల్. పైన రాసిన సమీకరణంల 3×10⁻⁷ పెట్టి కట్టండి, సీసం 5.5×10⁻⁵ మోలార్ దాకా కరగగలదు, లీటర్‌కు 11 మిల్లీగ్రాములు. తాగే నీళ్లల్ల మన ప్రమాణాల ప్రకారం సీసం లీటర్‌కు 0.01 మిల్లీగ్రాము దాటొద్దు. వెయ్యి రెట్లకు పైన! కడుపుల ఆ స్థాయికి చేరేంత టైమ్ ఉంటదా అంటే అన్నిసార్లు ఉండకపోవచ్చు, నూరిన పొడి ఎంత మెత్తగ ఉంటే అంత తొందరగ చేరుతది, సుర్మా అంటేనే మెత్తటి పొడి. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత తక్కువైనా చేటే. అమ్మేవాళ్లు డబ్బా మీద సీసం లేదని స్పష్టంగ రాసి, పరీక్ష చేయించి ఉంటే తప్ప పసిపిల్లల కండ్లకు సుర్మా పెట్టొద్దు, ఇప్పటికే పెడుతున్న ఇంట్ల పిల్లలకు రక్తంల సీసం పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలె.